వడగట్టని గ్లాసు: ఆదోని, ఎమ్మిగనూరు పిల్లల పానీయాలపై ఒక సమీక్ష

పిల్లవాణ్ని జ్వరంతో ఆసుపత్రిలో చేర్చారంటే చూడటానికి వచ్చే చుట్టం ఒట్టి చేతులతో రాడు. వెనకటికి బ్రెడ్డు, చీనీకాయలు తెచ్చేవాడు. ఇప్పుడు వాటి చోట లీటరు జ్యూస్ డబ్బా వచ్చింది. జ్యూస్ అంటే బలం అన్న నమ్మకం మన దగ్గర అంత గట్టిది. "మా వాడు అన్నం ముట్టడు, జ్యూస్ అయితే తాగుతాడు" అని చెప్పే తల్లి గొంతులో దిగులుతో పాటు కొంత ఊరట కూడా వినిపిస్తుంది, ఏదో ఒకటి కడుపులో పడుతోంది కదా అని. పిల్లల డాక్టర్లు ఈ ఊరటను ఒప్పుకోవడం లేదు. ప్రకృతి వైద్యులది మరో మాట, చిరుధాన్యాల వాళ్లది ఇంకో మాట. ప్రభుత్వ బడిలో పోసే రాగిజావది ఒక దారి, ఫోన్‌లో కనిపించే రంగురంగుల స్మూతీలది ఇంకో లోకం. కర్నూలు జిల్లా పడమటి కొసన ఆదోనిలోనో ఎమ్మిగనూరులోనో ఒక మామూలు ఇంట్లో మిక్సీ, సంతలో దొరికే పండ్లు, డబ్బాలో రాగిపిండి, గంపలో శెనక్కాయలు ఉంటాయి. వాటితో పిల్లలకు ఏం కలిపి ఇస్తే మంచిది, ఏది ఇష్టంగా తాగుతారు అన్నదే ఇక్కడ తేల్చుకోవలసిన సంగతి.

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఈ సీమలో పిల్లలకు బలమిచ్చే గ్లాసు చిక్కగా ఉండేది, వడగట్టనిది, గింజో పెరుగో కలిసినది. పండు దానికి రుచినీ విటమిన్లనూ తెస్తుంది. ఒట్టి పండ్లరసం మిఠాయి లాంటిది. అప్పుడప్పుడు ఇవ్వొచ్చు, దాని మీద పిల్లల్ని పెంచలేం.

డాక్టర్ల వాదన నుంచి మొదలుపెడదాం. భారత పిల్లల వైద్యుల సంఘం (ఐఏపీ) 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో పండ్లరసాలను తీసుకెళ్లి కూల్‌డ్రింకులు, చిరుతిళ్ల పక్కనే కూర్చోబెట్టింది. రెండేళ్ల లోపు పిల్లలకు రసమే వద్దంది. రెండు నుంచి ఐదేళ్ల వాళ్లకు రోజుకు 125 మిల్లీలీటర్లు, ఐదు దాటినవాళ్లకు 250 మిల్లీలీటర్లు మించకూడదని గీత గీసింది. ఆ కొంచెం కూడా తాజాగా తీసినదే కావాలంది. కారణం చక్కెర. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో చక్కెరల మీద సలహా ఇచ్చినప్పుడు మనం గిన్నెలో వేసే చక్కెర, బెల్లం పాకాలతో పాటు తేనెను, పండ్లరసంలో ఉండే తీపిని కూడా తగ్గించుకోవలసిన లెక్కలోనే చేర్చింది. అదే తీపి పండులో ఉన్నప్పుడు మాత్రం చేర్చలేదు. ఈ తేడా వింతగా అనిపిస్తుంది గానీ, ఒక గ్లాసు చీనీ రసానికి మూడు నాలుగు కాయలు పిండాలి. నాలుగు చీనీకాయలు ఒలిచి ముందు పెడితే ఏ పిల్లా అన్నీ తినదు. ఒకటి తిని లేస్తుంది. రసమైతే నాలుగు కాయల తీపీ రెండు నిమిషాల్లో దిగిపోతుంది, పీచేమో చెత్తబుట్టలో పడుతుంది. కడుపు నిండినట్టూ ఉండదు, పైగా అన్నం వేళకు ఆకలి చస్తుంది. అన్నం ముట్టని పిల్లవాడికి జ్యూస్ ఇస్తున్నామని అనుకుంటాం. చాలా ఇళ్లలో జ్యూస్ తాగినందువల్లే వాడు అన్నం ముట్టడం లేదు.

చెరుకు రసం సంగతీ అంతే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ (ఎన్ఐఎన్) 2024 మే నెలలో భారతీయుల ఆహార మార్గదర్శకాలను కొత్తగా విడుదల చేసినప్పుడు చెరుకు రసాన్ని పేరుపెట్టి హెచ్చరించింది. 100 మిల్లీలీటర్లలో 13 నుంచి 15 గ్రాముల చక్కెర ఉంటుంది. ఏడు నుంచి పదేళ్ల పిల్లలకు రోజు మొత్తానికి 24 గ్రాములు దాటవద్దన్నది అక్కడి లెక్క. అంటే బండి దగ్గర ఒక్క గ్లాసుతో ఆ రోజు కోటా అయిపోయి కాస్త అప్పు కూడా మిగులుతుంది.

మరి స్మూతీ? పండును గుజ్జుతో సహా మెత్తగా రుబ్బి, పాలో పెరుగో కలిపితే పీచు పోదు కాబట్టి అది రసం కంటే మేలే. కానీ ఇక్కడా ఒక మెలిక ఉంది. మిక్సీ బ్లేడు పండు కణాలను చితక్కొట్టేస్తుంది. నమలాల్సిన పని తప్పుతుంది. అందుకే బ్రిటన్ ఆరోగ్య శాఖ రసాన్నీ స్మూతీనీ ఒకే గాట కట్టి, రెండూ కలిపి రోజుకు 150 మిల్లీలీటర్లు చాలంటుంది. రెండు మామిడిపండ్లు, ఒక అరటిపండు, పైన తేనె వేసి తిప్పిన గ్లాసు పేరుకు స్మూతీయే అయినా పనికి రసమే. పెరుగు, శెనక్కాయలు, ఉడికిన రాగిపిండి లాంటివి సగానికి పైగా చేరినప్పుడే అది ఆహారం అవుతుంది. స్మూతీల మీద జరిగే చర్చలో ఈ ఒక్క సంగతీ తేలితే చాలు, చియా గింజలు వేయాలా అవకాడో వేయాలా అన్న ప్రశ్నలకు పెద్ద విలువ ఉండదు. మన ఊళ్లలో అవి దొరకవని దిగులు పడాల్సిన పని అంతకన్నా లేదు.

డబ్బా రసాల గురించి ఎక్కువ చెప్పను. మన దేశపు ఆహార ప్రమాణాల ప్రకారం "ఫ్రూట్ డ్రింక్" అని అమ్మేదాంట్లో పండు పదో వంతు ఉంటే సరిపోతుంది, నిమ్మ అయితే అందులోనూ సగం చాలు. మిగతాదంతా నీళ్లు, చక్కెర, రుచి, రంగు. చిక్కబెట్టిన గుజ్జుకు మళ్లీ నీళ్లు కలిపి "100 శాతం పండ్లరసం" అని అట్ట మీద రాసుకోవడాన్ని భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2024 జూన్‌లో ఆపించింది. అంతకు రెండు నెలల ముందు, పాలలో కలిపే తీపి పొడులను "హెల్త్ డ్రింక్" వరసలో చూపించవద్దని కేంద్ర వాణిజ్య శాఖ ఆన్‌లైన్ అమ్మకందార్లకు చెప్పింది. ఒక చేత్తో ఇలా కట్టడి చేస్తూనే 2025 సెప్టెంబర్ నుంచి పండ్ల పానీయాల మీద జీఎస్టీని 12 శాతం నుంచి 5కు తగ్గించారు. పదిరూపాయల డబ్బా పిల్లల చేతికి ఇంకా దగ్గరైంది. దీనివల్ల చిత్తూరు తోతాపురి మామిడి రైతుకు మేలు జరిగితే సంతోషమే. ఆ డబ్బాకు స్కూలు బ్యాగులో చోటు ఎందుకన్నదే నా ప్రశ్న.

ఈ వరసలోనే ఒక తెలుగు డాక్టరమ్మ పోరాటం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. విరేచనాలైన పిల్లలకు మందుల షాపులో ఓఆర్ఎస్ అని అడిగితే, అట్ట మీద ఆ మూడక్షరాలున్న తీపి పానీయం చేతిలో పెట్టడం ఏళ్ల తరబడి సాగింది. హైదరాబాద్ పిల్లల వైద్యురాలు డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు దీని మీద కొట్లాడారు. 2025 అక్టోబర్‌లో ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ ఆ పదాన్ని పేర్లలో, ట్రేడ్‌మార్కుల్లో వాడకూడదని ఆదేశించింది. నిజమైన ఓఆర్ఎస్ సూత్రంలో లీటరుకు గ్లూకోజు 13.5 గ్రాములే, దానికి తగ్గ ఉప్పులు ఉంటాయి. పండ్లరసంలో తీపి దానికి ఏడెనిమిది రెట్లు. అంత తీపి పేగులోకి వెళ్తే ఒంట్లోని నీళ్లను ఇంకా బయటికి లాగుతుంది, విరేచనాలు పెరుగుతాయి. కాబట్టి కడుపు జారుతున్న పిల్లలకు ఏ పండ్లరసమూ, ఎంత ఇంట్లో చేసినదైనా, ఇవ్వకూడదు. పాకెట్టు దొరక్కపోతే లీటరు కాచి చల్లార్చిన నీళ్లలో ఆరు టీస్పూన్లు చక్కెర, అర టీస్పూను ఉప్పు, రెండూ తలగొట్టి కొలిచి కలపాలి. గంజిలో ఉప్పు వేసి ఇచ్చే అవ్వల పద్ధతి కూడా పనికొచ్చేదే. ఆ రోజుల్లో స్మూతీ ప్రయోగాలు మాత్రం వద్దు.

ఇక మన ఇళ్లలో డాక్టర్ల కంటే ఎక్కువగా వినబడే గొంతులు రెండున్నాయి. ప్రకృతి వైద్యుడు మంతెన సత్యనారాయణ రాజు గారు టీవీ ద్వారా క్యారెట్, బీట్‌రూట్, టమాటాల రసాన్ని వంటింటి దాకా తెచ్చారు. కూరగాయ అంటే ముఖం తిప్పే ఇంట్లో అది కూడా ఒక మేలే. కాకపోతే అందులో కలిపే తేనె కూడా చక్కెర లెక్కలోకే వస్తుంది. ఏడాది నిండని బిడ్డకు తేనె చుక్క కూడా నాకించరాదు, అరుదుగానైనా బొటులిజం అనే ప్రాణాంతక జబ్బు వస్తుంది. ఇంకొకరు ప్రొద్దుటూరులో పుట్టి మైసూరులో స్థిరపడిన డాక్టర్ ఖాదర్ వలీ. 2023లో పద్మశ్రీ అందుకున్నారు. కొర్ర, సామ, అరిక, ఊద, అండుకొర్రలతో అంబలి పులియబెట్టుకుని తాగమంటారు, తాగే పాల బదులు నువ్వులు, టెంకాయ లాంటి వాటి పాలను సూచిస్తారు. అంబలి విషయంలో ఆయనతో నాకు పేచీ లేదు. నానబెట్టడం, పులియబెట్టడం వల్ల గింజల్లో ఇనుమును పట్టి ఉంచే ఫైటేట్లు తగ్గుతాయి, ఇనుము ఒంటికి పడుతుంది. ఇది శాస్త్రం కూడా ఒప్పుకున్న మాటే. కానీ పాలు దొరికే ఇంట్లో ఎదిగే పిల్లల నుంచి పాలను లాగేయడం నాకు నచ్చదు. పైగా ఆయన పక్కన పెట్టిన రాగులు, సజ్జలు, జొన్నలే ఈ ప్రాంతం తిండి. వాటిని వదిలి అండుకొర్రలు వెతుక్కుంటూ తిరగనక్కర్లేదు.

సజ్జల ఊసు వచ్చింది కాబట్టి రక్తం గురించి మాట్లాడాలి. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే అయిదో విడతలో ఆంధ్రప్రదేశ్‌లో ఆరు నెలల నుంచి అయిదేళ్ల లోపు పిల్లల్లో 63 శాతం మందికి రక్తహీనత ఉందని తేలింది. పాలిపోయిన పిల్లకు మనవాళ్లు మొదట ఇచ్చేది బీట్‌రూట్ జ్యూస్, డబ్బులుంటే దానిమ్మ. ఎర్రగా ఉంది కాబట్టి రక్తం పడుతుందని. ఎన్ఐఎన్ 2017లో ప్రచురించిన ఆహార పట్టికలు తిరగేస్తే 100 గ్రాముల బీట్‌రూట్‌లో ఇనుము ఒక మిల్లీగ్రాము కూడా లేదు, దానిమ్మలో ఇంకా తక్కువ. నల్లగా, బూడిదగా కనిపించే సజ్జల్లో ఆరు మిల్లీగ్రాములకు పైగా ఉంది, రాగుల్లో నాలుగున్నర. మన చేలల్లో పండే గింజను వదిలి రంగు వెంట పోతున్నాం. బీట్‌రూట్ చెడ్డదని కాదు. రాగిజావలో ఒక చెంచా ఉడికిన బీట్‌రూట్ గుజ్జు కలిపితే గులాబీ రంగు వస్తుంది, పిల్లలకు ఆ రంగే పెద్ద ఆకర్షణ. దాన్ని రంగుకు వాడుకుందాం, ఇనుముకు మాత్రం సజ్జల దగ్గరికే పోదాం.

గింజల్లోని ఇనుము ఒంటికి పట్టాలంటే పక్కన సి విటమిన్ ఉండాలి. నిమ్మకాయ, ఉసిరి, జామ మనకు దొరికేవే. జామలో 100 గ్రాములకు 200 మిల్లీగ్రాములకు పైగా సి విటమిన్ ఉంటుంది, చీనీలో ఉన్నదానికి కొన్ని రెట్లు. టీ దీనికి పూర్తిగా ఎదురు పని చేస్తుంది. పొద్దున్నే పిల్లలకు టీలో బన్ను ముంచి పెట్టే అలవాటు మన ఊళ్లలో ఇంకా పోలేదు. అయిదేళ్ల లోపు పిల్లలకు టీ, కాఫీ వద్దని ఐఏపీ స్పష్టంగా చెప్పింది. అంగన్‌వాడీలో, బడిలో ఇచ్చే ఐరన్ సిరప్పు, మాత్ర వేసుకున్న పూట కూడా పాలు, టీ కాసేపు పక్కనపెట్టి నిమ్మరసం నీళ్లు ఇస్తే మందు బాగా పనిచేస్తుంది.

ఇంత చర్చలో ఎవరూ పెద్దగా పట్టించుకోని ఒక గ్లాసు ఇప్పటికే మన పిల్లల చేతిలో ఉంది. 2023 మార్చి 21 నుంచి రాష్ట్రంలోని ప్రభుత్వ బడుల్లో సుమారు 37 లక్షల మంది పిల్లలకు మంగళ, గురు, శనివారాల్లో బెల్లం వేసిన రాగిజావ పోయడం మొదలైంది. అప్పటిదాకా ఇస్తున్న శెనక్కాయ చిక్కీ మిగతా మూడు రోజులకు వచ్చింది. అప్పట్లో ఆ పథకం పేరు గోరుముద్ద, 2024 నుంచి డొక్కా సీతమ్మ పేరు పెట్టారు. పేర్లు మారినా దేశంలో పిల్లల కోసం ఇంత పెద్ద ఎత్తున కాచిన ఇంటి తరహా పానీయాలు ఎక్కువ లేవు. 100 గ్రాముల రాగుల్లో కాల్షియం 360 మిల్లీగ్రాములకు పైగా ఉంటుంది, బియ్యంలో దాని ఊసే లేదు. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చాక జొన్నరొట్టె, సంగటి, కొర్రన్నం ఇంటి వెనక్కి పోయాయి. ఆ బియ్యం పేదవాడి ఆకలి తీర్చిందన్నదీ నిజమే. నలభై ఏళ్ల తర్వాత అదే రాగి బడి గ్లాసులో తిరిగి రావడం చూస్తే, తాగే రూపంలోనైనా వచ్చింది కదా అనిపిస్తుంది.

బడి జావకూ ఫోన్‌లోని స్మూతీకీ మధ్య ఉన్న దూరం ఒక అరటిపండంత. రెండు టీస్పూన్ల రాగిపిండిని చల్లని నీళ్లలో ఉండలు లేకుండా కలిపి, గ్లాసుడు నీళ్లు మరిగేటప్పుడు పోసి అయిదారు నిమిషాలు ఉడికించి చల్లార్చండి. పచ్చి పిండి వాసన పోవడమే ముఖ్యం. చాలామంది పిల్లలు రాగిజావ వద్దనేది రుచికి కాదు, సరిగా ఉడకని ఆ వాసనకు. చల్లారిన జావలో అర అరటిపండు, నాలుగు చెంచాల గట్టి పెరుగు, చిటికెడు ఏలకుల పొడి వేసి మిక్సీలో ఒక్క తిప్పు తిప్పితే నురగతో వస్తుంది. అరటి బాగా మగ్గినదైతే బెల్లం అక్కర్లేదు. అరటిపండు జలుబు చేస్తుందన్న అవ్వ మాట ఉంటే ఆమెతో వాదించకండి, సపోటా వేయండి. జలుబు తెచ్చేది వైరస్సే అయినా ఇంట్లో శాంతి కూడా ముఖ్యమే.

ఈ గ్లాసుకు అసలు బలం శెనక్కాయలతో వస్తుంది. నూనె మిల్లుల ఆదోనికి శెనక్కాయలు కొత్త కాదు. ఉగ్గాని దగ్గర, చట్నీలో, చిక్కీలో ఉంటాయి, గ్లాసులో మాత్రం ఉండవు. ఒక పిల్లకు 20 గ్రాములు, అంటే చిన్న గుప్పెడు బుడ్డలు దోరగా వేయించి పొట్టు నలిపి ఊది, గంట నానబెట్టాలి. కాసిన్ని నీళ్లతో ముందు వాటినే వెన్నలా రుబ్బి, తర్వాత చిన్న అరటిపండు, అర గ్లాసు పెరుగు, చిటికెడు ఉప్పు వేసి మళ్లీ తిప్పాలి. ఈ వరస తప్పితే పలుకులు మిగులుతాయి, పిల్లలు మొదటి గుక్కకే పసిగడతారు. 20 గ్రాముల శెనక్కాయల్లో నాలుగున్నర గ్రాములకు పైగా, 100 గ్రాముల పెరుగులో మూడు గ్రాముల చిల్లర ప్రోటీన్ ఉంటుంది. నాలుగు నుంచి ఆరేళ్ల పిల్లకు రోజంతటికీ కావలసింది భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) 2020 లెక్కలో సుమారు 16 గ్రాములు. దాదాపు సగం ఒక్క గ్లాసులోనే వచ్చేసింది. డబ్బా పొడి ఏదీ ఈ ఖర్చుకు ఇంత ఇవ్వదు. జాగ్రత్తలు రెండు. నల్లబడినవి, ముడుచుకున్నవి, బూజు వాసన కొట్టేవి ఒక్కటి కూడా వేయొద్దు, ఆ బూజు పుట్టించే అఫ్లాటాక్సిన్ వేయించినా పూర్తిగా పోదు, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. మొదటిసారి ఇచ్చేటప్పుడు కొంచెమే ఇచ్చి ఒంటి మీద దద్దుర్లు, పెదవుల వాపు వస్తాయేమో చూడాలి. అయిదేళ్ల లోపు వాళ్లకు గింజ గింజగా ఇవ్వడం కంటే ఇలా రుబ్బి ఇవ్వడమే క్షేమం, గొంతుకు అడ్డం పడదు.

ఇంకా చిన్నవాళ్లకు, అంటే ఎనిమిది నెలల నుంచి రెండేళ్ల లోపు వాళ్లకు వేరే చిక్కు. జావ పలచగా ఉంటే బలం చాలదు, చిక్కగా ఉంటే మింగలేరు. 1980లలో బరోడా విశ్వవిద్యాలయంలో తారా గోపాల్‌దాస్ బృందం దీనికి తేలికైన ఉపాయం చూపించింది. మొలకెత్తించి ఆరబెట్టి పట్టించిన గింజల పిండిలో అమైలేజ్ అనే ఎంజైము ఉంటుంది. చిక్కగా కాచిన వేడి జావ కాస్త చల్లారాక ఆ పిండి చిటికెడు కలిపితే చూస్తుండగానే పలచబడుతుంది, అందులోని గింజ మాత్రం అలాగే ఉంటుంది. ఆ తర్వాత ఒక్క పొంగు రానివ్వాలి. మొలక రాగులు మన ఇళ్లకు తెలుసు గానీ, అవి ఎందుకు మంచివో చెప్పమంటే "చలవ" అంటాం. అసలు కిటుకు ఇదీ.

పండ్ల విషయంలో ఒక్కోదానిది ఒక్కో గుణం, తెలియకపోతే గ్లాసు సింకులోకి పోతుంది. మన సాతుగుడి చీనీ తీయగా ఉన్నా, రసం తీసి అరగంట ఉంచితే చేదెక్కుతుంది. లిమోనిన్ అనే పదార్థం నిదానంగా తయారవడం దానికి కారణం. గింజతో పాటు మిక్సీలో వేస్తే ఇక చెప్పనే అక్కర్లేదు. తొనలు ఒలిచి, గింజలు తీసి, చేత్తో నలిపి అప్పుడే ఇవ్వాలి. బొప్పాయిని పాలతో కలిపి పెడితే అందులోని పపైన్ పాలను విరిచి చేదు చేస్తుంది, కలిపిన వెంటనే తాగేయాలి లేదా నిమ్మరసంతో సరిపెట్టుకోవాలి. సీతాఫలం గుజ్జు పాలతో అద్భుతంగా ఉంటుంది, కానీ దాని గింజ విషం. ఒక్కటి కూడా బ్లేడు కింద పడకుండా చేత్తో ఏరాలి. బేనిషా (బంగినపల్లె) మామిడిలో పీచు తక్కువ కాబట్టి పెరుగుతో తిప్పడానికి అంతకు మించిన పండు లేదు. 2017లో భౌగోళిక గుర్తింపు కూడా దక్కింది. బంగినపల్లె ఇప్పుడు నంద్యాల జిల్లాలోకి పోయినా పండు మనదే. కార్బైడ్‌తో మగ్గబెట్టడం చట్టం నిషేధించిందే. ఒకే రోజున గంపంతా ఒకే పసుపులోకి తిరిగి, తొడిమ దగ్గర వాసన లేని కాయలను అనుమానించాలి. జామకు మాత్రం నా వడగట్టవద్దన్న మాట చెల్లదు. ఆ గింజలు రాళ్లే. పెద్ద కన్నాల జల్లెడలో గుజ్జును రుద్ది తీసి, నిమ్మరసం, ఉప్పు, చిటికెడు మిరియాల పొడి వేస్తే పెద్దలు కూడా పోటీకి వస్తారు. మిగిలిన పండ్లన్నిటికీ జల్లెడా వద్దు, గుడ్డా వద్దు. మాచాని సోమప్ప 1938లో చేనేత సహకార సంఘం పెట్టిన ఎమ్మిగనూరులో మంచి గుడ్డకు కొదవ లేదు గానీ, అది ఒంటి మీదే బాగుంటుంది.

పత్తికొండ వైపు టమాటా ధర పడిపోయినప్పుడల్లా రైతులు రోడ్డు మీద పారబోయడం చూస్తుంటాం. ఆ టమాటా పిల్లల గ్లాసులోకి ఎందుకు రాదు? చక్కెర లేని పానీయాల్లో దానికి సాటి లేదు. మగ్గినవి నాలుగు ఉడకబెట్టి తోలు తీసి రుబ్బి, జీలకర్ర, మిరియాలు, ఉప్పు వేసి గోరువెచ్చగా ఇస్తే చారు తాగే అలవాటున్న పిల్లలకు కొత్తగా నేర్పాల్సింది ఏమీ ఉండదు. స్మూతీ అంటే తీపే అని ఎవరు రాశారు?

ఎండాకాలం మాత్రం లెక్కలు మారుస్తుంది. నలభై రెండు డిగ్రీల ఎండలో పిల్లలకు కావలసింది ముందు నీళ్లు, తర్వాత ఉప్పు, ఆ తర్వాతే పోషణ. దీనికి మజ్జిగను మించినది నాకు కనిపించలేదు. అల్లం, కరివేపాకు, కొత్తిమీర దంచి కలిపితే ఘాటని పిల్లలు పారిపోతారు. ఆకులు వేసి కాసేపు నాననిచ్చి తీసేస్తే వాసన మిగిలి ఘాటు పోతుంది. నన్నారి షర్బత్ రాయలసీమ సొత్తు, దాని మీద మమకారం నాకూ ఉంది. కాని బండి మీది సీసాలో వేరు సారం కంటే పాకం ఎక్కువ. సుగంధి వేళ్లు కడిగి నలగ్గొట్టి రాత్రి వేడినీళ్లలో నానబెట్టి, పొద్దున ఆ నీళ్లకు నిమ్మరసం, కొంచెం బెల్లం కలిపితే వాసన అంతా వస్తుంది, తీపి మన చేతిలో ఉంటుంది. బెల్లం చక్కెర కంటే మేలన్న నమ్మకాన్ని మాత్రం ఎక్కువ సాగదీయొద్దు. ఇనుము కొద్దిగా ఉన్నా, దంతానికి రెండూ ఒకటే. ఏ తీపి పానీయమైనా సీసాతో గంటల తరబడి చప్పరించే పిల్లలకు ముందుపళ్లు పుచ్చుతాయి. గ్లాసుతో కూర్చోబెట్టి ఒక్కసారిగా తాగించి, నీళ్లు పుక్కిలించమనాలి. కలింగర పండును రసం తీయనే వద్దు, ముక్కలు కోసి ఇస్తే అదే నీళ్లు. ఇక ఐసు. తుంగభద్ర దిగువ కాలువ నీళ్లు ఆదోనిలో బసాపురం చెరువులో నిలవ చేసి వాడుకునే ఊళ్లం మనం, నీళ్లు కాచకుండా చేసిన ఐసు వేస్తే పండు ఎంత మంచిదైనా వృథా. అరటి, మామిడి ముక్కల్నే ఫ్రీజర్‌లో గట్టిపరిచి తిప్పితే ఐసు అవసరమే రాదు, చిక్కదనమూ వస్తుంది.

పిల్లలు ఇష్టపడటం గురించి పెద్ద రహస్యాలు లేవు. కొత్త రుచిని మొదటిసారి ఉమ్మేస్తారు. ఎనిమిది పది సార్లు ఎదురయ్యాక అలవాటు పడతారని పిల్లల తిండి మీద జరిగిన పరిశోధనలు చెబుతున్నాయి. మనం రెండోసారికే "వీడికి పడదు" అని తీర్పు చెప్పేస్తాం. కొంచెం పులుపు, చల్లదనం, నురగ, రంగు, ఈ నాలుగూ తీపి చేసే పనిలో సగం చేస్తాయి. మిక్సీ మీట నొక్కే పని వాళ్లకే ఇస్తే మిగతా సగం అవుతుంది. పాలకూర దాచిపెట్టి మోసం చేసి తాగించే పద్ధతి నాకు నచ్చదు. తెలిసిన రోజు పిల్లలు గ్లాసునే కాదు, మనల్నీ నమ్మరు. మూడు చెంచాల చక్కెరకు అలవాటైన నాలుకను ఒక్కరోజులో మార్చలేం, వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తే ఎవరూ గమనించరు.

ఈ లెక్కలన్నీ మిక్సీ, కరెంటు, ఫ్రిజ్ ఉన్న ఇంటివి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఊళ్లు పంటలు పోయిన ఏడాది గుంటూరు మిరప కోతలకు ఖాళీ అవుతాయి. పిల్లలు కూడా వెంట పోతారు, బడి జావా చిక్కీ రెండూ తప్పిపోతాయి. వాళ్లకు పనికొచ్చేది పొడి రూపంలో వెంట తీసుకెళ్లగలిగిన జావే. రాగులు లేదా జొన్నలు రెండు పాళ్లు, ఉగ్గానికి పొడి కొట్టే పుట్నాలు ఒక పాలు, శెనక్కాయలు అర పాలు, అన్నీ విడివిడిగా కమ్మని వాసన వచ్చేదాకా వేయించి చల్లార్చి పట్టించాలి. తడి తగలని డబ్బాలో మూడు వారాలు నిలుస్తుంది. మూడు చెంచాల పొడి, కాచిన నీళ్లు, చిన్న బెల్లం ముక్క, దొరికితే నిమ్మచెక్క, అంతే. సజ్జలు మాత్రం ఈ పొడిలో వేయొద్దు. వాటి కొవ్వు త్వరగా చెడి పిండి కొద్ది రోజులకే చేదెక్కుతుంది. సజ్జలను గింజగానే మూట కట్టుకుని, అక్కడ వారానికి సరిపడా పట్టించుకోవడం మేలు.